అనుమానం ప్రేమ కాదు



మన మేడిపల్లి నుంచి నాచారం ఫ్యాక్టరీకి వెళ్లే ఒకామె గురించి చెప్తాను. ఉప్పల్‌లో బస్సు దొరక్క అరగంట ఆలస్యమైతే, ఆ అరగంటకి ఆమె భర్తకు రాత్రంతా లెక్క చెప్పాలి. అతను కొట్టలేదు. అందుకే మనం దాన్ని హింస అనలేదు. 'ప్రేమ ఎక్కువై అనుమానిస్తున్నాడు, సర్దుకుపో' అన్నాం. నేనూ అన్నాను. ఆమె పని మానేసింది. అతని అనుమానం మానలేదు. చేతిలో ఉన్న నాలుగు జీతం రాళ్లూ పోయాయి.

2005 గృహహింస చట్టం మనకంటే ముందు చూసింది. 2006 నిబంధనల్లోని ఘటన నివేదికలో శీలం మీద నిందలు, ఉద్యోగం చేయనివ్వకపోవడం కూడా హింసగానే ఉన్నాయి. రక్షణాధికారి దగ్గర ఆ నివేదిక రాయించేటప్పుడు దెబ్బల గురించి మాత్రమే అడిగి ఊరుకోకండి. ఆ అరగంట గురించీ అడగండి, రాయించండి.