నోటరీ కాగితం, సొంత ఇల్లు



హైదరాబాదు పాతబస్తీలో అరవై గజాల ఇంటికి జీవితకాలపు సంపాదనను ధారపోసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామంది బీరువాలో ఉన్నది నోటరీ ముద్ర పడిన స్టాంపు కాగితమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, 100 రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల స్థిరాస్తి విక్రయం రిజిస్టరు కావలసిందే. నోటరీ సంతకాన్ని ధ్రువీకరించగలడు, యాజమాన్యాన్ని ఇవ్వలేడు. జి.పి.ఎ. అమ్మకాలతోనూ హక్కు సంక్రమించదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది.

వడ్డీకి వెరచి బ్యాంకు గడప తొక్కనివారి విశ్వాసం గౌరవించదగినది. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీరహిత బ్యాంకింగును సిఫారసు చేసినా, రిజర్వు బ్యాంకు 2017లో ఇస్లామిక్ బ్యాంకింగు ప్రతిపాదనను విరమించుకున్నది. ఆ కోరికను మనం విడువరాదు. అయితే స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి, విశ్వాసానికి ఏ సంబంధమూ లేదు!

మా వీధిలో ఒక సోదరి భర్త మరణించగానే, ఆ ఇంటినే పాత యజమాని వారసులు వేరొకరికి రిజిస్టరు చేశారు. ఆమె ఇద్దరు పిల్లలతో నేటికీ సివిల్ కోర్టు మెట్లెక్కుతున్నది. కనుక బయానా ఇవ్వకముందే ఇ.సి. తీయించండి. లింకు దస్తావేజులను వకీలుకు చూపండి. వక్ఫ్ భూమి కాదని నిర్ధారించుకోండి. దస్తావేజులో భార్య పేరు కూడా వ్రాయించండి.