వందేళ్ల వరద వందేళ్లు ఆగి రాదు
(గోదావరిఖని ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంట మునిగినప్పుడల్లా మనకు ఒక మాట చెప్తారు: "ఇది వందేళ్లకోసారి వచ్చే వరద, ఎవరేం చేస్తారు?" ఈ మాటకు అసలు అర్థం తెలుసుకోకుంటే నష్టపోయేది మనమే.

కుండలో వంద చింతగింజలు వేసి, ఒకదానికి ఎర్రరంగు పూశామనుకోండి. ఏటా ఒక గింజ తీసి చూసి, మళ్లీ కుండలోనే వేయాలి. ఎర్రగింజ వస్తే ఆ ఏడు పెద్ద వరద. ఈ ఏడు వచ్చిందని వచ్చే ఏడు రాదనేం లేదు. వందేళ్ల వరదంటే ఏటా నూటికి ఒక పాలు అవకాశం. ముప్పై ఏళ్లు సేద్యం చేసే రైతుకు ఒక్కసారైనా అది ఎదురయ్యే అవకాశం 26 శాతం. ఇరవై ఐదేళ్ల వరదైతే సుమారు 71 శాతం.

భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. మొదటి రెండింటి మధ్య నాలుగేళ్లు, తర్వాత ముప్పై రెండేళ్లు. మనకు ఎగువన కడెం ప్రాజెక్టు గేట్లు వదలగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులు. 2022లో 5 లక్షలకు పైగా వచ్చింది. మరుసటి ఏడే మళ్లీ గేట్ల మీదుగా నీళ్లు పారాయి.

ఈ లెక్క సగటు వానతో కట్టరు. ఏటా వచ్చిన అతిపెద్ద ప్రవాహాలను వరుసగా పేర్చి, ఇంకా చూడని వరదను అంచనా వేస్తారు. యాభై ఏళ్ల రికార్డుతో వందేళ్ల వరద చెప్పడమంటే ఉన్న గీతను ముందుకు సాగదీయడమే. ఒక్క పెద్ద వరద కొత్తగా చేరినా అంకె మారుతుంది. నదిమీద బ్యారేజీలు వచ్చినా, ఓపెన్‌కాస్టు గనుల కోసం వాగుల దారి మళ్లినా నీటిమట్టం లెక్క మళ్లీ కట్టాలి. లేకుంటే కుండలో ఎర్రగింజలు పెరిగినా మనకు తెలియదు.

2022లో మంథని వైపు చేలు మునిగినప్పుడు, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల బ్యాక్‌వాటరే కారణమని రైతులు మొత్తుకున్నారు. అందుకే మనం అడగాల్సినవి మూడు. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా రికార్డు తీసుకున్నారో గ్రామసభలో చెప్పాలి. బ్యాక్‌వాటర్‌ను కలిపి 25, 50, 100 ఏళ్ల వరద గీతలను సర్వే నంబర్లవారీగా పటం మీద చూపాలి. ఆ గీతల లోపల మునిగిన పంటకు కౌలురైతుతో సహా పరిహారం ఇవ్వాలి.

మన వంతు పనీ ఉంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో బడి గోడమీద, కరెంటు స్తంభంమీద గీత గీసి తేదీ రాద్దాం. పాత వరద గుర్తులు కూడా ఈ లెక్కకు పనికొస్తాయి. రేపు అధికారుల ముందు మన ఊరి రికార్డు మన చేతిలో ఉండాలి.