కొండబిడ్డలకు విశ్వవిద్యాలయపు వాకిలి



నేటి నా ప్రసంగము విశ్వవిద్యాలయమును గూర్చినది. ఈ మాట వినగానే, “ఇది చదువుకొను పిల్లలకు చెప్పవలసిన సంగతి, మాకేల?” యని మీరు లేచి పోవలదు. నేను అరకులోయ యాశ్రమపాఠశాలలో తెలుగు పండితుడనై ముప్పది యేండ్లకు పైగా పిల్లలతోనే మాటలాడితిని. ఆ యనుభవము నాకు నేర్పినది యొక్కటి కలదు. కొండసీమలో బిడ్డ యెంతవఱకు చదువవలెనో నిర్ణయించువాడు బిడ్డయు గాదు, ఉపాధ్యాయుడును గాదు. ఆ యింటి యరుగుమీద కూర్చుండి యున్న తాతయే నిర్ణయించును. కావున నేడు మీతోనే మాటలాడ దలచితిని.

ముందుగా మీ మనస్సులో నున్న యొక సంకోచమును తీర్చవలయును. విశ్వవిద్యాలయమనునది పట్టణములవారి సొత్తనియు, మన బిడ్డలు దాని గడప తొక్కుట యొరుల యింటికి పిలువని పేరంటమునకు పోవుట వంటిదనియు మనలో కొందఱు తలచుచుందురు. ఇది పొరపాటు. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926 ఏప్రిల్ 26వ తేదీన జనించినది. మొదట బెజవాడలో నుండి 1930లో విశాఖపట్టణమున వాల్తేరునకు చేరినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులు. 1931 మొదలు 1936 వఱకు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పీఠము నలంకరించిరి. వీరి పేర్లు అందఱు నెఱుగుదురు. కాని ఆ విద్యాలయమునకు ఏటేట లక్ష రూప్యముల నొసగి, విజ్ఞానశాస్త్రముల బోధకు ఆధారమైన వారు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు. అందుచేతనే అచ్చటి విజ్ఞానకళాశాలకు వారి పేరు పెట్టిరి.

జయపుర మెక్కడ? కిరండూలు పోవు రైలుబండి మన లోయ దాటి, కొరాపుట్టు మీదుగా జయపురము చేరును. ఆ జమీందారీ కొండల జమీందారీ. ఆ లక్ష రూప్యములు ఆకాశమునుండి రాలినవి గావు. చోళ్ళును, వరియును పండించిన రైతు చెల్లించిన శిస్తు అందున్నది. అడవి రాబడి అందున్నది. మహారాజుగారి యౌదార్యమును తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆ ప్రయోగశాలల పునాదిలో కొండవాని చెమట కూడ కలదని జ్ఞప్తిచేయుటకు చెప్పుచున్నాను. మన బిడ్డ అచ్చటికి పోవునపుడు బిచ్చమునకు పోవుట లేదు, పాలివాడై పోవుచున్నాడు.

మఱియొక సంగతి. కొండ విశ్వవిద్యాలయమునకు పోకమున్నే విద్వాంసులు కొండకు వచ్చి చదువుకొనిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వెంకటరామమూర్తిగారు సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలోనే పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. వారు రచించిన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. నేను గ్రాంథికసంప్రదాయమున చదివినవాడను. తెలుగు వ్రాతను గూర్చి గిడుగువారి వాదము నాకు నేటికిని సమ్మతము గాదు. అయినను సవరబిడ్డకు సవరభాషలో అక్షరము దిద్దించిన ఆ చేతికి నేను మ్రొక్కుదును. పిమ్మట 1950ల దశకమున ఆంధ్రవిశ్వవిద్యాలయమున బోధించుచుండిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మన యరకులోయకు వచ్చి, కొండదొరల మాటయైన కూబిని శ్రద్ధతో నేర్చుకొనిరి. దానిపై వారు వ్రాసిన గ్రంథము 1969లో ప్రకటితమైనది. అంతటి పండితునకు అప్పుడు గురువులైనవారు మన గూడెములలోని సామాన్యజనులే. మన మాటకు విలువ లేదనుకొను పిల్లలకు ఈ కథ చెప్పుడు.

ఇక నేటి స్థితి చూతము. 2014నాటి రాష్ట్రవిభజన చట్టములో ఉభయ రాష్ట్రములకును గిరిజన విశ్వవిద్యాలయములు వాగ్దానము చేయబడినవి. తదనుసారముగా 2019లో మన రాష్ట్రమునకు కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడి, విజయనగరము చెంత కొండకరకములో తరగతులు మొదలిడినది. మెంటాడ, దత్తిరాజేరు మండలములలో దాని శాశ్వతభవనములకు 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగినది. తెలంగాణమున ములుగులో సమ్మక్క సారక్కల పేర నెలకొన్న విశ్వవిద్యాలయమునకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదము లభించినది. విజయనగరములో ఆంగ్లము, సమాజశాస్త్రము, రసాయనశాస్త్రము, వాణిజ్యపరిపాలనము మొదలగునవి బోధించుచున్నారు. మన లోయనుండి అనంతగిరి ఘాటు దిగి, శృంగవరపుకోట మీదుగా పోయినచో విజయనగరము చేరవచ్చును. అంత దూరము పంపలేనివారికి అరకులోయలోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల కలదు. 2024లో పాడేరున వైద్యకళాశాలలో తరగతులు ఆరంభమైనవి. వాకిళ్ళు తెఱచియే యున్నవి. లోనికి పోవువారేల కొఱతపడుచున్నారు? అందులకు నా పాపమొకటి చెప్పవలయును.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట నా శిష్యుడొకడు, పోర్జాకులమువాడు, పద్యమును ఒక్కసారి విన్నచో తిరిగి యప్పగించెడివాడు. ఇంటర్మీడియట్ మంచి మార్కులతో దాటెను. మైదానపు కళాశాలలో పై చదువు చదువవలెనని వానికి కోరిక. నేను వానికి ఛందస్సు చెప్పితిని, సమాసములు చెప్పితిని. దరఖాస్తునకు గడువు దినమేదో కనుగొని చెప్పలేదు. కులధ్రువపత్రము ముందుగా తీసియుంచవలెనని చెప్పలేదు. “బిడ్డడు తెలివైనవాడు, వాని చదువు వాడే చూచుకొనును” అనుకొని యూరకుంటిని. పత్రము చేతికి వచ్చునప్పటికి గడువు దాటి పదిదినము లైనది. మఱుసటి యేడు వాని తండ్రి, “ఇక చాలు, పొలము చూచుకొమ్ము” అనెను. కొన్నియేండ్లకు అరకు శుక్రవారపు సంతలో పసుపుమూటలు మోయుచు వాడు నాకు కనబడెను. నన్ను చూచి మూట దింపి నమస్కరించెను. ఏమి పలుకరించుటకును నాకు నోరు రాలేదు. వాడే నవ్వి, “పద్యమైతే మఱువలేదు పంతులుగారూ, ఆ కాగితమే వేళకు చిక్కలేదు” అనెను. ఆ మాట నాటినుండి నా చెవిలో నున్నది.

కావున పెద్దలారా, చదువు బిడ్డ వంతు. కాగితము మన వంతు. అక్షరము వచ్చిన ప్రతి పెద్దయు ఈ క్రింది సంగతులు వ్రాసి యింట నుంచుకొనవలెను.

మొదటిది పత్రములు. కులధ్రువపత్రము, ఆదాయపత్రము, పదవ తరగతి, ఇంటర్మీడియట్ మార్కుల పత్రములు, ఆధారు, బ్యాంకు పుస్తకము: ఇవి యన్నియు బిడ్డ ఇంటర్మీడియట్ రెండవ యేట నుండగనే సిద్ధము కావలెను. అన్నిటను పేరు ఒక్కతీరుగా నున్నదా యని అక్షరాక్షరము సరిచూడుడు. ఒకచోట ‘కిల్లో’ అనియు, మఱియొకచోట ‘కిల్లు’ అనియు వ్రాసినందున ఆగిపోయిన దరఖాస్తులను నేను చూచితిని.

రెండవది కాలము. కేంద్ర విశ్వవిద్యాలయములన్నిటికి 2022 నుండి ఉమ్మడి ప్రవేశపరీక్ష జరుగుచున్నది. పట్టణములలో దీనిని సీయూఈటీ అందురు. డిగ్రీ తరగతులకై జరుగు ఈ పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును. తేదీలు ఏటేట కొంచెము మాఱును గాని, మన పనులతో ముడివేసి గుర్తుంచుకొనవచ్చును. కాఫీపండ్లు కోయు దినములలో, అనగా డిసెంబరు, జనవరి నెలలలో, డిగ్రీ ముగించువారు పైతరగతుల పరీక్షకు దరఖాస్తు పెట్టుదురు. చింతపండు రాల్చు దినములలో ఇంటర్మీడియట్ పిల్లలు డిగ్రీకి పెట్టుదురు. ఇటుకల పండుగ వచ్చువఱకు ఆగినచో గడువు మీఱిపోవచ్చును. తొలకరి దుక్కుల వేళకు ఫలితములు, ప్రవేశములు వచ్చును. అప్పుడు బిడ్డను పొలమునకు గాక కళాశాలకు పంపవలెను.

మూడవది ధనము. కేంద్రవిద్యాలయములలో గిరిజనులకు నూటికి 7.5 స్థానములు, మన రాష్ట్ర కళాశాలలలో నూటికి 6 ప్రత్యేకింపబడియున్నవి. తలిదండ్రుల వార్షికాదాయము రెండున్నర లక్షలకు మించని పిల్లలకు పదవ తరగతి పై చదువులకు కేంద్రప్రభుత్వపు ఉపకారవేతనము కలదు. పరిశోధన చేయు గిరిజన విద్యార్థులకు ఏటేట 750 జాతీయవేతనములు, విదేశములలో చదువుకొనుటకు 20 వేతనములు కలవు. దేశమంతటికి ఇరువదియే గదా యని నిరాశపడవలదు. ఆ యిరువదిలో నొకటి మన లోయకు రాగూడదని యెవరు శాసించిరి? నడుమ చదువు మానినవారికి, వివాహమైన కోడండ్రకు, ఆంధ్రవిశ్వవిద్యాలయము 1972 నుండి నడుపుచున్న దూరవిద్య కలదు.

ఇచ్చట ఆడబిడ్డను గూర్చి ఒక మాట. 2011 జనాభాలెక్కలలో అవిభక్త ఆంధ్రప్రదేశపు గిరిజనులలో అక్షరాస్యులు నూటికి 49 మందియే. ఆ తక్కువలో ఆడువారిది మఱియు తక్కువ. నే నెఱిగిన యొక గూడెపు నాయుడు తన మనుమరాలి పత్రములకై మండల కార్యాలయమునకు నాలుగుమాఱులు నడచెను. జనులు నవ్విరి. “ఆవు తప్పిపోయినచో నాలుగుకొండలు తిరుగుదును, మనుమరాలి చదువు తప్పిపోయినచో తిరుగరాదా?” అనెను. ఆమె నేడు ఉపాధ్యాయిని.

ఉపాధ్యాయపదవుల ప్రసక్తి వచ్చినది గనుక ఒక కఠినసత్యము చెప్పెదను. షెడ్యూల్డు ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయపదవులన్నియు స్థానిక గిరిజనులకే యని 2000లో ప్రభుత్వము ఉత్తరువిచ్చెను. 2020 ఏప్రిల్ 22న సర్వోన్నతన్యాయస్థానము దానిని కొట్టివేసినది. ఆ తీర్పు న్యాయమా, అన్యాయమా యను చర్చ నేడు నా పని గాదు. కాని దాని ఫలితము మనకు తెలియవలెను. ఇకమీద మన బడిలో మన బిడ్డ గురువుగా నిలువవలెనన్నచో, పట్టణపు బిడ్డతో సమముగా చదివి నిలువవలెను. కూబి, కువి, ఆదివాసీ ఒరియా తెలిసిన గురువు లేని బడిలో పసిబిడ్డ మొదటి దినమే మూగవాడగును. 2004లో ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధ మొదలిడిరి. ఆ పని నిలువవలెనన్న, ఆ భాషలు తల్లిఒడిలో నేర్చిన పట్టభద్రులు కావలెను. విశ్వవిద్యాలయము మన కక్కఱలేదనువారికి ఇదియే నా ప్రత్యుత్తరము.

విశ్వవిద్యాలయమన పరీక్షలు మాత్రమే గావు. అచ్చట ఉపన్యాసములు, ఆటలపోటీలు, ప్రదర్శనములు, ఉద్యోగమేళాలు జరుగును. ఆగస్టు 9న ఆదివాసీదినము, నవంబరు 15న బిర్సా ముండా జయంతి వచ్చును. అట్టి దినములలో బిడ్డను చూచుటకు మీరును పొండు. థింసా యాడువారిని వెంట గొనిపొండు. ఏ వేరు ఏ రోగమునకో, ఏ విత్తు ఏ నేలకో మీకు తెలిసినది అచ్చటి శాస్త్రజ్ఞులకు చెప్పుడు. తాత వచ్చి సభలో మాటలాడగా చూచిన బిడ్డకు తన పుట్టువును గూర్చి సిగ్గు కలుగదు.

కడపట పూర్వవిద్యార్థులను గూర్చి. చదువు ముగియగానే జరుపు వేడుకను స్నాతకోత్సవమందురు. మన పూర్వులు దానిని సమావర్తన మనిరి. ఆ మాటకు అర్థము ‘తిరిగివచ్చుట’. గురుకులమునుండి ఇంటికి తిరిగి వచ్చినప్పుడే చదువు పూర్తియైనట్లు. మన బిడ్డలు డిల్లీలో నుద్యోగము చేసినను, హైదరాబాదులో కాపురమున్నను తప్పులేదు. కాని ఏటి కొకమాఱైనను, చింతపండు రాల్చు దినములలో, గూడెమునకు వచ్చి ఇంటర్మీడియట్ పిల్లల నొకచోట కూర్చుండబెట్టి వారి దరఖాస్తులు నింపించవలెను. ధనమడుగుట లేదు, రెండు దినముల కాలమడుగుచున్నాను. ఒక్క పూర్వవిద్యార్థి అట్లు వచ్చియున్నచో నా శిష్యుడు మూట మోయవలసినవాడు గాడు.

వాని కుమార్తె యిపుడు ఇంటర్మీడియట్ చదువుచున్నది. పోయిన నెలలో నేను వారి యింటికి పోయితిని. పత్రములన్నియు ఒక సంచిలో పెట్టి, దూలమునకు వ్రేలగట్టి, చెద చేరకుండ కాపాడుచున్నాడు. “ఈసారి కాగితము ముందే సిద్ధము, పంతులుగారూ” అనెను. మీ యింటి దూలమునకును అట్టి సంచి యొకటి వ్రేలాడు గాక.