కీళ్లవాతములు – చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పెద్దతిప్పసముద్రము ప్రాంతమున మోకాలు పట్టినను, వ్రేళ్లు వాచినను, అన్నిటికిని జనులు పెట్టు పేరొకటే: వాతము. పేరొకటియైనను రోగములు వేరు. ఈ భేదమెరుగకపోవుట వలననే పెక్కుమంది చేతులు వంకరపోవుచున్నవి.

వేరుశనగ చేలలో ఏండ్లతరబడి గొంతుకూర్చుండి కలుపుతీసినవారికి ముదిమిలో వచ్చు మోకాటినొప్పి కీలు అరుగుట వలనిది. పనిచేసినకొలది హెచ్చును, విశ్రమించిన తగ్గును. బరువు తగ్గుటయు, తొడకండరములకు వ్యాయామమును దీనికి ముఖ్యచికిత్స.

డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అను ఆమవాతము అట్టిది కాదు. దేహమును కాపాడవలసిన శక్తియే దారితప్పి కీళ్లపొరలపై తిరుగబడును. స్త్రీలలో నధికము. తెల్లవారి లేచినప్పుడు వ్రేళ్లు బిగిసి గంటసేపైనను సడలవు. సాధారణముగా రెండుచేతులును వాచును. తొలినెలలలోనే మందు పడవలెను. చెరువుకట్టకు గండి చిన్నదిగా నున్నప్పుడే గదా మట్టివేయుట! ఎముక తినివేయబడిన పిమ్మట ఏ మందును దానిని మరల తేజాలదు.

1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ కార్టిసోను నిచ్చి కదలలేని రోగిని నడిపించెను. 1950లో నోబెల్ బహుమానమును పొందెను. కాని ఆ జాతిమందులు చిరకాలము వాడినచో ఎముకలు గుల్లబారును, మధుమేహము తలయెత్తును. పేరులేని వాతపుపొడులలో వీనిని రహస్యముగా కలుపుట కద్దు. పొడి తిన్న పూటకే నొప్పి మాయమైనచో సంతసింపక సందేహింపవలెను.

నిలుకడగల మందు తెలుగువాని కృషినుండి వచ్చినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున ఫోలికామ్లముపై శ్రమించిరి. ఆ కృషినుండియే అమినోప్టెరిను, మెథోట్రెక్సేటు వెలువడినవి. రక్తపు క్యాన్సరుకు ఉద్దేశింపబడిన అమినోప్టెరిను ఆమవాతమునందును పనిచేయునని 1951లో వెల్లడియైనది. 1988లో అమెరికా ప్రభుత్వము మెథోట్రెక్సేటును ఈ రోగమునకు అంగీకరించినది. సుబ్బారావుగారు ఇది చూడకయే 1948లో కాలధర్మము నొందిరి.

ఈ మాత్రను వారమునకొక్కనాడే మ్రింగవలెను. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. డాక్టరు చెప్పినట్లు ఫోలికామ్లము, రక్తపరీక్షలు తప్పవు. గర్భిణులకు నిషిద్ధము. గుణము కనబడుటకు ఆరుమొదలు పండ్రెండు వారములు పట్టును. చాలమంది ఆలోపుననే మానివేయుదురు.

ఇక పిల్లలమాట. గొంతునొప్పి తగ్గిన రెండుమూడు వారములకు జ్వరముతో ఒక కీలునుండి మరియొక కీలునకు పాకు నొప్పి వచ్చినచో రుమాటిక్ జ్వరము కావచ్చును. కీళ్లు బాగగును గాని గుండెకవాటములు చెడవచ్చును. మూడువారములకొకసారి పెనిసిలిను సూది ఏండ్లతరబడి వేయింపవలెను. నొప్పి పోయినది గదా యని నడుమ మాన్పించిన పిల్లవానికే జ్వరము మరల వచ్చుట, గుండె మరింత చెడుట.