సెలవు పెట్టే ధైర్యం



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, మీరు పుట్టకముందు జరిగిన సంగతి ఒకటి గుర్తుచేస్తాను. 1984లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లారు. ఆగస్టు 14న తిరిగొచ్చారు. 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను బర్తరఫ్ చేసి, మంత్రివర్గ సహచరుడైన నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఆపరేషన్ నుంచి ఇంకా తేరుకోని మనిషి చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్లి, తన ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్ సింగ్ ఎదుట నిలబెట్టాల్సి వచ్చింది. అందులోని రాజకీయం తేల్చడం ఇక్కడ నా పని కాదు. ఆ సంఘటన నుంచి మనం నేర్చుకున్న పాఠం మాత్రం తప్పని నా వాదన. జబ్బు సంగతి బయటికి పొక్కితే కాళ్ల కిందికి నీళ్లొస్తాయి, కాబట్టి దాచుకోవాలి అన్నది చాలామందికి అందులో కనిపించిన నీతి. జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. జనం రోడ్ల మీదికొచ్చారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1985 మార్చి ఎన్నికల్లో 294 స్థానాలకు 202 ఆయన పార్టీకే ఇచ్చారు. వైద్యానికి వెళ్లినందుకు తెలుగు ఓటరు ఆయన్ను శిక్షించలేదు. లోపమంతా నాయకుడు లేని రోజుల్లో బాధ్యత ఎవరిదో చెప్పే కట్టుబాటు లేకపోవడంలో ఉంది. రాష్ట్రపతి అనారోగ్యంతో ఉంటే ఉపరాష్ట్రపతి ఆ విధులు చూడాలని రాజ్యాంగం 65వ అధికరణంలో రాశారు. ముఖ్యమంత్రి విషయంలో అలాంటి మాట లేదు. అయినా మనసుంటే దారి ఉంటుంది. 2009 జనవరిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఢిల్లీ ఎయిమ్స్‌లో బైపాస్ చేయించుకున్నప్పుడు ప్రణబ్ ముఖర్జీ పనులు చూసుకున్నారు. మన్మోహన్ కోలుకుని తన కుర్చీలో తాను కూర్చున్నారు.

ముఖ్యమంత్రుల సంగతి ఇక్కడ, మన మార్టూరులో ఎందుకంటారా? కుర్చీ పోతుందన్న ఆ భయమే మన ఇళ్లలో వేరే వేషంలో తిరుగుతోంది. కోతల రోజుల్లో మంచాన పడితే మేస్త్రి ఇంకొకరిని పిలుచుకుంటాడు. గ్రానైట్ ఫ్యాక్టరీలో దగ్గు ఎక్కువైందని చెబితే పని పోతుందేమో. పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో తల్లికి రొమ్ములో గడ్డ అంటే నలుగురూ ఏమనుకుంటారో. పల్లెల్లో జనం పరీక్షలకు రాకపోవడానికి అజ్ఞానమే కారణమని చదువుకున్నవాళ్లం తేలిగ్గా అనేస్తాం. నేను ఒప్పుకోను. రోగం బయటపడితే ఏం పోగొట్టుకుంటామో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అందుకే పై స్థానంలో ఉన్నవాళ్లు బాహాటంగా సెలవు పెట్టి, పరీక్ష చేయించుకుని, మళ్లీ పనిలో చేరి చూపించాలి. దాని ఫలితం కంటికి కనిపించేదే. 1974 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ తనకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిందని దాచకుండా చెప్పారు. దేశమంతటా ఆడవాళ్లు పరీక్షలకు కదిలారు. కొద్ది వారాలకే, ఉపాధ్యక్ష పదవికి ఎంపికైన రాక్‌ఫెల్లర్ భార్య తనను తాను పరీక్షించుకుని గడ్డను గుర్తించారు. మన అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో, 90వ ఏట, తనకు క్యాన్సర్ అని విలేకరులను పిలిచి తానే చెప్పారు. ఆ జబ్బు పేరు ఎత్తడానికే జంకే ఇళ్లకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో లెక్కగట్టలేం.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పరీక్షలు ఎక్కువైతే మంచేనా? కాదు. దక్షిణ కొరియాలో థైరాయిడ్ స్కానింగులు విపరీతంగా చేశారు. 1993తో పోలిస్తే 2011 నాటికి బయటపడిన థైరాయిడ్ క్యాన్సర్లు 15 రెట్లయ్యాయి, ఆ జబ్బుతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం తగ్గలేదు. వేలమంది అవసరం లేకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కారు. కాబట్టి అరవై పరీక్షల ప్యాకేజీ ప్రకటనలు చూసి పరుగెత్తమని నేను చెప్పను. మేలు చేస్తాయని రుజువైన పరీక్షలు కొన్నే, అవి ఖరీదైనవీ కావు. బీపీకి నొప్పి ఉండదు. చేతికి పట్టీ కట్టి గాలి కొడితేనే తెలుస్తుంది. టార్చి వేసి బుగ్గ లోపలి వైపు చూస్తే పొగాకు, గుట్కా తెచ్చే తెల్లమచ్చ కనిపిస్తుంది. గర్భాశయ ముఖద్వారానికి పలుచటి వెనిగర్ లాంటి ద్రావకం రాసి ఒక్క నిమిషం ఆగితే తేడా ఉన్నచోట తెల్లగా మారుతుంది. ముంబై మురికివాడల్లో దాదాపు లక్షన్నర మంది మహిళల మీద టాటా మెమోరియల్ ఆస్పత్రి ఈ పద్ధతిని 12 ఏళ్లు పరిశీలించింది. పరీక్ష చేసింది డాక్టర్లు కూడా కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

కూలి పోగొట్టుకుని ఎవరొస్తారన్నది ఇంకో ప్రశ్న. న్యాయమైనదే. అందుకే పరీక్ష మనిషి దగ్గరికి రావాలి. డాక్టరే ఊరికి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్‌లో మొదలైంది మన పక్కనే, చిలకలూరిపేట దగ్గరి లింగంగుంట్లలో. ప్రభుత్వాలు మారతాయి, బోర్డుల మీద పేర్లూ మారతాయి. ఊరికి డాక్టరు రావడం మాత్రం ఆగకూడదు. ముప్పై దాటిన ప్రతివారికీ బీపీ, షుగర్, నోరు, ఆడవాళ్లకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా చూడాలన్నది ఇప్పటికే జాతీయ కార్యక్రమం. కల్లంలో కాయలు ఎండే రోజుల్లో కాకుండా పనులు తగ్గిన వేసవిలో, ఏఎన్ఎం సాయంత్రం పూట ఇంటికొస్తే కూలీ పోదు, సిగ్గూ అడ్డు రాదు.

ఇక పై స్థానంలో ఉన్నవాళ్లు బాహాటంగా సెలవు పెట్టాలన్న మాటకొస్తే, జబ్బు సొంత విషయం కదా, ఊరికెందుకు చెప్పాలి అని అడగొచ్చు. ఊరికి రిపోర్టులన్నీ చూపించనక్కర్లేదు. ఎన్నాళ్లు సెలవు, ఆ రోజుల్లో సంతకం ఎవరిది అన్న రెండు మాటలు చెబితే చాలు.

మీరు రేపు టీచర్లవుతారు, బ్యాంకు మేనేజర్లవుతారు, కొందరు సర్పంచులూ అవుతారు. మీ కింద పనిచేసే మనిషి ఆస్పత్రికి వెళ్లాలని అడిగినప్పుడు ముఖం చిట్లించకండి. మీ వంతు వచ్చినప్పుడు ముందు మీరే సెలవు చీటీ రాయండి. ఈలోగా ఒక పని ఉంది. ఈ వారంలోనే మీ అమ్మనూ నాన్ననూ ఊళ్లోని హెల్త్ క్లినిక్‌కు తీసుకెళ్లి నేను చెప్పిన పరీక్షలు చేయించండి.