మేఘంలో తీసిన ఫోటో

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ విమానం సరదా గురించి పిల్లలకు స్ఫూర్తి కలిగేలా ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. స్ఫూర్తి సంగతి నాకు తెలియదు. ఈ హాల్లో కూర్చున్న ఒకడి దగ్గర ఇన్నేళ్లుగా ఒక విషయం దాచాను. అది చెప్పేసి దిగిపోతాను. వాడు మూడో వరుసలో, ఫ్యాను కింద ఉన్నాడు.

నేను డాలస్‌లో ఉద్యోగం చేస్తూ, నలభై దాటాక ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకున్నాను. అక్కడ దానికి కనీసం 40 గంటలు ఎగరాలి. నాకు 71 గంటలు పట్టింది. మన లెక్కల మాస్టారు వింటే ఆశ్చర్యపోరు. నడిపేది సెస్నా 172. నాలుగు సీట్లు, ఒకే ఇంజను, గంటకు రమారమి 200 కిలోమీటర్ల వేగం. మా అమ్మకు చెబితే మొదటి మాట, "సౌందర్య పోయింది అలాంటి దాంట్లోనే కదరా?" అంది. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో కూలిందీ సెస్నా విమానమే. "అది వేరే మోడల్ అమ్మా" అన్నాను. అదేం జవాబో నాకే తెలియదు.

2016 ఫిబ్రవరిలో మన బ్యాచ్‌వాడే ఒకడు హ్యూస్టన్‌లో ఇల్లు కొని గృహప్రవేశానికి పిలిచాడు. ముహూర్తం 10 గంటల 42 నిమిషాలకి. మూడో వరుసలోని మన మిత్రుడు అప్పుడు కొడుకుని చూడ్డానికి డాలస్ వచ్చి ఉన్నాడు. కారులో నాలుగు గంటలు. "కారెందుకురా, నేను తీసుకెళ్తా" అన్నాను. అప్పటికి నాకున్న అనుభవం 140 గంటలు. లైసెన్సు, కళ్లతో బయటకి చూస్తూ నడపడానికి మాత్రమే. మేఘాల్లో పరికరాలు చూసి నడపడానికి వేరే శిక్షణ, వేరే పరీక్ష ఉంటాయి. అది నేను చెయ్యలేదు.

పొద్దున్నే వాతావరణం చూశాను. హ్యూస్టన్ వైపు మేఘాలు కిందికున్నాయి, పదింటికల్లా పైకి లేస్తాయని ఉంది. ఆ ప్రాంతంలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి వచ్చి పొద్దుటిపూట కింది మేఘం పట్టడం మామూలే. లేస్తాయన్న మాట పట్టుకున్నాను. లేవకపోతే ఏం చెయ్యాలన్నది అనుకోలేదు. పైగా నిన్న రాత్రే వాట్సాప్ గ్రూపులో "రేపు గాల్లో వస్తున్నాం" అని పెట్టాం. మీరందరూ బొటనవేళ్లు పైకెత్తారు.

కాలేజ్ స్టేషన్ దాకా హాయిగా వెళ్లాం. అది దాటాక పైన మేఘం కిందికి దిగుతోంది. నేనూ దిగాను. 2,500 అడుగులు, తర్వాత 2,000, తర్వాత 1,500. మేఘానికి కింద 500 అడుగుల ఎడం ఉంచాలని నియమం. అది ఎప్పుడు పోయిందో గమనించలేదు. నవసోటా అనే ఊరు దగ్గర పడుతుండగా వీడు, "ఒరేయ్, ముహూర్తానికి అందుతామా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. బస్సులో కండక్టర్ని అడిగినట్టు అడిగాడు. నేను మాత్రం గడియారం చూశాను, బయటికి చూడలేదు. తలెత్తేసరికి ముందు అద్దం తెల్లగా ఉంది. నేల లేదు, ఆకాశం లేదు.

ఇక్కడ మన జీవశాస్త్రం టీచరమ్మ గారికి ఒక మాట. లోపలి చెవిలో అర్ధవర్తుల కుల్యలుంటాయని, వాటిలోని ద్రవం కదిలితే శరీరానికి సమతాస్థితి తెలుస్తుందని మీరు చెప్పారు. మేం నాలుగు మార్కుల కోసం బట్టీపట్టాం. మీరు చెప్పిందానికి ఒక షరతుంది. మెల్లగా, ఒకే తీరున తిరుగుతూ ఉంటే కాసేపటికి ఆ ద్రవం కూడా మనతో సమానంగా తిరిగి, చెవి "ఏమీ తిరగడం లేదు" అని చెబుతుంది. కంటికి నేల కనబడకపోతే దాన్ని సరిదిద్దేవాడు లేడు. నాకు విమానం నిటారుగా ఉన్నట్టే అనిపించింది. ప్రమాణం చెయ్యమంటే చేసేవాణ్ణి. పరికరం చూస్తే ఎడమకి 30 డిగ్రీలు వాలి ఉన్నాం. వేగం పెరుగుతోంది, ఎత్తు తగ్గుతోంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి శిక్షణ లేని 20 మందిని, బయట కనబడకుండా చేసి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు పట్టింది. 1999 జూలై 16 రాత్రి జాన్ కెన్నెడీ జూనియర్ భార్యనీ, వదినగారినీ ఎక్కించుకుని, మర్నాడు జరిగే బంధువుల పెళ్లికి బయల్దేరాడు. కింద చీకటి సముద్రం, చుట్టూ మసక. ఆయనకి సుమారు 310 గంటల అనుభవం ఉంది, పరికరాల లైసెన్సు లేదు. దిశాభ్రమ వల్ల అదుపు తప్పాడని దర్యాప్తులో తేల్చారు. ముగ్గురూ పోయారు. ఇదంతా నేను పరీక్షకి చదివినదే. నూటికి తొంభై పైన మార్కులు కూడా వచ్చాయి.

నన్ను కాపాడింది మా శిక్షకుడి అలవాటు. కళ్లకి టోపీ లాంటిది కట్టి, పరికరాలు మాత్రమే కనబడేలా చేసి మూడు గంటలు నడిపించాడు. "ఒంటి మాట వినకు, ముల్లు మాట విను" అని విసిగించేవాడు. రెక్కలు సమం చేశాను. చెవి మాత్రం కుడికి పడిపోతున్నావని అరుస్తూనే ఉంది. మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి తిప్పాను. మొత్తం నిమిషం పట్టి ఉంటుంది, కాస్త ఎక్కువో. నేల కనబడింది. గోధుమరంగు గడ్డి, నాలుగు ఆవులు. ఆ ఆవుల్ని మళ్లీ చూస్తే గుర్తుపడతాను.

కాలేజ్ స్టేషన్‌లో దిగి, "వాతావరణం బాలేదురా, ఇక్కణ్ణుంచి కారు తీసుకుందాం" అన్నాను. బాత్‌రూముకి వెళ్లి చేతులు వణకడం ఆగేదాకా కుళాయి కింద పెట్టుకున్నాను. బయటికొస్తే వీడు సణుగుతున్నాడు: ఇంత సంబరం చేసి చివరికి కారేనా అని. భోజనాల వేళకి చేరాం. విస్తరి ముందు కూర్చుని అందరికీ చెప్పాడు, "మేఘంలోకి కూడా తీసుకెళ్లాడు, ఏం బాగుందనుకున్నారు!"

పైలట్లకి నేర్పే పాఠాల్లో ప్రాణం మీదికి తెచ్చే బుద్ధులు ఐదని చెబుతారు. తెలుగులో చెప్పాలంటే: నాకు చెప్పేవాడెవడు, ఏదో ఒకటి వెంటనే చేసెయ్, నాకేం కాదు, నా తడాఖా చూడు, ఇంక మన చేతిలో ఏముంది. మా పదో తరగతిలో ఐదింటికీ ఒక్కొక్కడు ఉండేవాడు, పేర్లు చెప్పను. ఆ పొద్దున నాలో మూడోదీ నాలుగోదీ ఉన్నాయి. వాటికి తోడు ముహూర్తం.

తర్వాత రెండేళ్లు కష్టపడి పరికరాల లైసెన్సు తీసుకున్నాను. అయినా ఒక కాగితం రాసుకుని జేబులో పెట్టుకుంటాను. మేఘం ఇంత ఎత్తుకి తక్కువైతే బయల్దేరను, గాలి ఇంతకి మించితే బయల్దేరను, రాత్రి ఆరుగంటలైనా నిద్రపోకపోతే బయల్దేరను. ఆ అంకెలు ఇంట్లో కుర్చీలో కూర్చుని రాసినవి. గాల్లో కూర్చుని మార్చను. ఎవరింటికైనా వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి, "రాకపోవచ్చు, మా కోసం ఆగొద్దు" అంటాను. మా ఆవిడకి ఆ మాట నచ్చదు, అపశకునంలా ఉందంటుంది. గత ఏడాది ఎగరాలనుకున్న వాటిలో ఎనిమిది మానుకున్నాను. అందులో ఐదుసార్లు ఆకాశం తర్వాత శుభ్రంగానే ఉంది.

ఒరేయ్, ఇది నీకు ఆ రోజే చెప్పాల్సింది. పరువుకి భయపడ్డాను. తర్వాత ఆలస్యమైపోయిందని ఊరుకున్నాను. మీ ఆవిడా, అబ్బాయీ కూడా ఇక్కడే ఉన్నారు, వాళ్లకీ క్షమాపణ.

ఆ తెల్లటి మేఘంలో వీడు ముందు అద్దంలోంచి తీసిన ఫోటో మన గ్రూపులో పెట్టాడు. మీరంతా మెచ్చుకున్నారు, నన్నూ మెచ్చుకున్నారు. అది ఇంకా ఉంది, వెనక్కి జరిపి చూడండి. ఎడమవైపు కింది మూలన ఒక గుండ్రటి డయల్ సగం కనబడుతుంది. పైన నీలం, కింద గోధుమరంగు. మధ్యలో ఉన్న తెల్లగీత అడ్డంగా ఉండాలి.