జీడిమెట్లలో పొద్దు లెక్క

జూన్ 21న జీడిమెట్లలో పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు 21, 22 తేదీల్లో 11 గంటల 5 నిమిషాలే. లండన్‌లోనైతే ఈ తేడా ఎనిమిదిన్నర గంటలకు పైమాటే. మనం భూమధ్యరేఖకు పదిహేడున్నర డిగ్రీల దూరంలోనే ఉన్నాం కాబట్టి రెండు గంటలతో సరిపోతోంది.

పగలు ఇలా పెరిగి తగ్గడానికి కారణం భూమి ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉండటం. చలికాలమూ ఈ వాలు వల్లే; కానీ భూమి సూర్యుడికి దూరమై చలి వస్తుందనుకుంటారు కొందరు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లోనే!

మరి పెద్ద పగలు జూన్‌లో ఉంటే ఎండలు మేలో మండుతాయెందుకు? మే రెండో వారానికే సూర్యుడు మన నడినెత్తికి వచ్చేస్తాడు. జూన్‌లో కాస్త ఉత్తరానికి జరుగుతాడు, ఈలోగా నైరుతి మబ్బులు కమ్ముతాయి. జూన్ 21 మధ్యాహ్నం 10 అడుగుల స్తంభం నీడ అడుగు మాత్రమే, అదీ దక్షిణంగా. డిసెంబరులో ఉత్తరంగా దాదాపు తొమ్మిది అడుగులు.

ఇంకో చిత్రం. డిసెంబరు 22 దాటితే పగలు పెరుగుతుంది, కానీ తెల్లవారడం ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అన్నిటికన్నా ఆలస్యంగా పొద్దు పొడిచేది సంక్రాంతి వెళ్లాక, జనవరి మూడో, నాలుగో వారాల్లో. మన పారిశ్రామికవాడలో పొద్దున షిఫ్టుకు వెళ్లేవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

సూర్యుడు నడినెత్తికి వచ్చే మే 9, 10 తేదీల్లో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో డాబా మీద ఓ స్టీలు గ్లాసు బోర్లించి పెట్టండి. పక్కన నీడ కనబడదు. పిల్లలను పిలిచి చూపించండి.